పాత పిస్తోలు ఉన్న ఇంటికి దొంగ రాడు

మీ ఇంటికి దొంగ రాకూడదా? ఓ పాత పిస్తోలు కొనుక్కోండి. అంతే! ఇక దొంగ రాడు. నాదీ గ్యారంటీ.

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. కుక్కని పెంచితే దానికి తిండి పెట్టాలి. వాచ్‌మన్‌ని పెట్టుకుంటే మనం మేలుకుని వాణ్ణి నిద్రలేపుతూ ఉండాలి. కెమెరా బిగించుకుంటే పక్కింటి పిల్లి గోడెక్కి ఎటు దూకిందో చూసుకుంటూ పనీపాటా మానేయాలి. పాత పిస్తోలుతో ఈ తలనొప్పులేవీ లేవు. కాస్త నూనె, కాస్త గుడ్డపేలిక, ఇంట్లోవాళ్ళందరి మనశ్శాంతి. అది అడిగేది ఇంతే!

అయితే ఈ మధ్య చాలామంది పెద్దమనుషులు పాత పిస్తోళ్ళు కొనుక్కుని, వాటిని ఎలా పట్టుకోవాలో, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నారు. వాళ్ళకోసం నాలుగు కిటుకులు చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు. అందుకే చెబుతున్నాను. అడిగితే బిగుసుకుని చెప్పేవాణ్ణి కాను.

ఈ కిటుకులు నా బుర్రలో పుట్టినవి కావు. అన్నీ మా బావని చూసి నేర్చుకున్నవే.

బావ అంటే మా అక్క మొగుడు. బజారు మలుపులో తాళాల షాపు ఆయనదే. షాపులోకి వెళితే గోడ కనపడదు. గోడంతా తాళంకప్పలే. చిటికెన వేలంత తాళం నుంచి గుమ్మడికాయంత తాళం దాకా వేలాడుతూ ఉంటాయి. డూప్లికేట్ చెవులు కోసే మిషను గీమని అరుస్తూ ఉంటుంది. బావ మీసాల మీద ఎప్పుడూ ఇనప పొడి మెరుస్తూ ఉంటుంది. అది నెరుపో పొడో మా అక్కకి కూడా తెలీదు.

తాళం మీద ఆయనకి దేవుడి మీదకన్నా గురి ఎక్కువ. మా షాపు తాళం వేసుకుంటే ఇంటి యజమాని కూడా లోపలికి పోలేడు అని గొప్పలు పోయేవాడు. ఆ మాట నిజమే. చాలామంది యజమానులు గుమ్మంలో నిలబడిపోయి ఆయనకే ఫోన్ చేసేవాళ్ళు.

అలాంటి మనిషికి ఒకరోజు పిడుగులాంటి దెబ్బ తగిలింది.

బావ ఇంటి ఎదురుగా ఒక టైలర్ ఉంటాడు. ఆయన సైకిల్ పోయింది. సైకిల్ పోతే పోయింది, దానికి వేసిన తాళం బావ షాపులోది! పైగా ఆ దొంగ ఎంత మర్యాదస్తుడంటే, తాళం పగలగొట్టలేదు. శుభ్రంగా తెరిచి, సైకిల్ తీసుకుని, ఆ తాళాన్ని టైలర్ గేటుకే తగిలించి, మళ్ళీ టక్కున నొక్కి వెళ్ళాడు.

టైలర్ మర్నాడు షాపుకి వచ్చి ఆ తాళాన్ని కౌంటర్ మీద పెట్టాడు. ఒక్క మాట అనలేదు. మెళ్ళో టేపు సర్దుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదని బావ చాలా రోజులు కుమిలాడు.

ఆ పూట నేను షాపుకి వెళ్ళేసరికి ఆయన ఆ తాళాన్ని వేస్తున్నాడు, తీస్తున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు.

"పాడైందా బావా?" అన్నాను.

"తాళం బ్రహ్మాండంగా ఉందిరా. అదే నా బాధ."

తాళాలు అమ్మేవాడికి తాళం మీద నమ్మకం పోతే ఏమవుతుంది? వంటవాడికి తన వంట మీద నమ్మకం పోతే హోటల్‌కి వెళతాడు. బావ పిస్తోలుకి వెళ్ళాడు.

ఆయనకి తెలిసిన బ్యాంకు గార్డు ఒకాయన రిటైరయ్యాడు. ఆయన దగ్గరో పాత పిస్తోలు ఉంది. బావ చెప్పులరిగేలా తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. లైసెన్సు ఇచ్చేముందు ఒక క్లాసు పెడతారు. కోచ్ ఒకాయన బోర్డు ముందు నిలబడి ఒకటే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడట. ఏ తుపాకీ అయినా సరే, లోపల తూటా ఉందనే అనుకోవాలి. ఖాళీ అని మీ ఆవిడ చెప్పినా నమ్మొద్దు, మీ మనసు చెప్పినా నమ్మొద్దు. తెరిచి, కళ్ళతో చూసి, వేలితో తడిమి, అప్పుడు నమ్మండి అని.

బావ అప్పటికి ఒక కునుకులోంచి ఇంకో కునుకులోకి మారుతున్నాడు. మధ్యలో "మీ ఆవిడ చెప్పినా నమ్మొద్దు" అన్నంతవరకు చెవిన పడింది. మిగతాది పడలేదు.

కాబట్టి యజమానులారా, మొదటి కిటుకు. క్లాసులో నిద్రపోతే పూర్తిగా పోండి. సగం విన్నది చాలా ప్రమాదం.

పిస్తోలు చేతికొచ్చిన రోజున బావ సంబరం పట్టలేక షాపునుంచి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమేవ్, సెమీ ఆటోమేటిక్ కొన్నాను. సాయంత్రం తెస్తున్నా."

మా అక్క ఆ ఫోను పెట్టగానే కొంగు నడుముకి దోపింది. పాపం, ఎన్నేళ్ళ కోరిక! దుప్పట్లు పిండీ పిండీ మణికట్లు పడిపోయాయని ఆవిడ మొత్తుకోని నెల లేదు. ఫుల్ ఆటోమేటిక్ అయితే బాగుండేది, పోనీలే, సెమీ అయినా మిషను మిషనే అనుకుంది.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో జరిగిన హడావుడి చూడాలి! స్నానాల గది బయట మూలనున్న బకెట్లు తీయించింది. ప్లంబర్‌ని పిలిచి ఆ మూలకి కొత్త కొళాయి పెట్టించింది. టైలర్ భార్యకి చెప్పింది. బరువు దింపడానికి నన్ను రమ్మంది. నేను తాడు కూడా పట్టుకెళ్ళాను.

సాయంత్రం బావ వచ్చాడు. చంకలో చెప్పుల డబ్బా అంత పెట్టె.

అక్క ఆయన్ని దాటుకుని వీధిలోకి తొంగి చూసింది. ఆటో లేదు, వ్యాను లేదు. ఆ పెట్టె వంక చూసింది.

"మిగతాది ఎప్పుడొస్తుందండీ?"

"మిగతాది ఏంటే? ఇదే మొత్తం."

పెట్టె తెరిచాడు. అక్క చూసింది. నేనూ చూశాను.

"బావా, ఇందులో దుప్పట్లు పడతాయా?" అన్నాను.

ఆ రాత్రి నాకు ఆ ఇంట్లో భోజనం పెట్టలేదు. బావ కోపంతో పెట్టొద్దన్నాడు, అక్క కోపంతో అసలు వండలేదు.

అందుచేత యజమానులారా, సెమీ ఆటోమేటిక్ కొనేముందు ఏ సెమీ ఆటోమేటిక్కో ఇంట్లో విడమరిచి చెప్పండి. ప్లంబర్ ఖర్చు తప్పుతుంది.

బావకి ఆ పిస్తోలు మీద ఎంత మోజంటే, దాన్ని పాతది అంటే ఊరుకోడు. క్లాసిక్ అనాలి. మనింట్లో ఉన్నంతకాలం పాతది, ఇంకొకరు మనకి అంటగట్టేటప్పుడు క్లాసిక్. అదీ తేడా! వయసులో అది బావకన్నా పెద్దది. బావకి మోకాళ్ళు పట్టేశాయి, దానికి స్ప్రింగులు పట్టేశాయి. ఇద్దరూ ఒక్కోసారి పనిచేస్తారు, ఒక్కోసారి చేయరు. ఎప్పుడు చేస్తారో ఎవరికీ తెలీదు. ఇలాంటి పాత సరుకుని ముందు బాగుచేసే మేస్త్రీకి చూపించాలని కోచ్ చెప్పాడట. అప్పుడు బావ రెండో కునుకులో ఉన్నాడు.

ఇక్కడ ఇంకొకరి సంగతి చెప్పాలి. బావకి ఒక్కతే కూతురు. పక్క వీధిలోనే కాపురం. ఆసుపత్రిలో నర్సు. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు తన పిల్లని తెచ్చి ఇక్కడ దింపుతుంది, వచ్చేటప్పుడు తీసుకెళుతుంది. ఆ పిల్లకి అప్పుడప్పుడే నడక వచ్చింది. నడకతోపాటే చేతివాటం కూడా వచ్చింది.

బావ కళ్ళజోడు పోతుంది. బియ్యం డబ్బాలో దొరుకుతుంది. తాళంచెవుల గుత్తి పోతుంది. చెప్పులో దొరుకుతుంది. మా అక్క పళ్ళసెట్టు ఒకసారి రెండ్రోజులు దొరకలేదు. ఆ రెండ్రోజులూ ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దమో!

ఇంత జరిగినా బావ ఆ పిల్లని ఒక్క మాట అనేవాడు కాదు. గజదొంగ అని పేరు పెట్టాడు. "ఏమే గజదొంగా, ఇవాళ ఏం ఎత్తుకెళ్ళావు?" అని అడిగితే అది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు చూడ్డానికే ఆయన మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొచ్చేవాడు. అన్నానికి కాదు.

పిస్తోలు సంగతి తెలిసి కూతురు మొదటిరోజే అడిగింది. పిల్ల తిరిగే ఇల్లు నాన్నా ఇది, ఆలోచించావా అని. బావ గుండెమీద చెయ్యేసుకుని మాటిచ్చాడు. దాని నీడ కూడా పిల్లమీద పడనివ్వను, తాళాలవాడింట్లో పెట్టెకి కరువా అన్నాడు. కూతురు మా అక్క మొహం చూసింది. అక్క ప్లంబర్ పెట్టిన కొళాయి వంక చూసింది.

మాటిచ్చాక బావ దాన్ని నిలబెట్టుకోవడానికి నిజంగా నడుం బిగించాడు. అబద్ధం చెప్పకూడదు.

ముందు శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాడు. తాళాలకి వేసే నూనె తెచ్చి పిస్తోలుకి పట్టించాడు. ఎంత పట్టించాడంటే అది చేపలా జారిపోయేది. దాన్ని పట్టుకున్న చేత్తో తలుపు పట్టుకుంటే తలుపు జారేది. నూనె ఒక్క చుక్క చాలని తర్వాత తెలిసింది. అప్పటికి ఆ ఇంట్లో దువ్వెనకి కూడా తాళాల వాసనే.

ఒకనాడు భోజనాల బల్ల మీద దాన్ని భాగాలుగా విప్పాడు. అందులో ఒక పెద్ద స్ప్రింగు ఉంటుంది. దాన్ని బొటనవేలితో అదిమిపట్టుకుని విప్పాలి. లేకపోతే అది బయటకి దూకుతుంది. బావ బొటనవేలికి నూనె. ఇంకేముంది! స్ప్రింగు టంగుమని ఎగిరింది. ఫ్యానుకి తగిలింది. ఆ తర్వాత ఎటు పోయిందో ఎవరికీ కనపడలేదు.

బావ మోకాళ్ళమీద పాకాడు. అక్క పాకింది. గజదొంగ వాళ్ళని చూసి, ఇదేదో తన ఆటే అనుకుని, తనూ పాకింది. మంచాలు జరిపారు, బీరువా కింద చీపురుపుల్ల పెట్టి కెలికారు. నేను కుర్చీలో కూర్చుని, అటు చూడు బావా, ఇటు చూడు బావా అని దారి చూపిస్తూ ఉన్నాను. చివరికి బావకి నడుం పట్టేసి లేవలేకపోతుంటే జాలేసి, నా చొక్కా జేబులోంచి స్ప్రింగు తీసి ఇచ్చాను.

ఎగిరినప్పుడు నేరుగా వచ్చి నా ఒళ్ళోనే పడింది. పడిందని నేను ఎందుకు చెప్పాలి? బావ ఒంటికి కసరత్తు లేక ఎన్నాళ్ళయింది!

ఇక దాచడం సంగతి. చూశారా, అసలు విద్య ఇక్కడే ఉంది.

బావ షాపులోంచి ఒక ఇనప్పెట్టె తెచ్చాడు. దానికి షాపులోకెల్లా గట్టి తాళం వేశాడు. ఆ చెవిని ఇంకో డబ్బాలో పెట్టి దానికీ తాళం. ఆ రెండో చెవిని బీరువాలో పెట్టి బీరువాకి తాళం. తూటాలు వేరే గదిలో, వాటికి ఇంకో తాళం. చెప్పాలంటే ఇది మంచి పద్ధతి. ఆయన చేసిన మంచి పని ఇదొక్కటే. దాన్ని చెడగొట్టిన పుణ్యం నాది.

నేనే అన్నాను, బావా, ఒకసారి రిహార్సల్ వేసి చూద్దాం అని. పట్టపగలు, నేను దొంగని. వీధి తలుపు తోసుకుని లోపలికొచ్చి, దొంగ వచ్చాడహో అని అరిచాను. బావ బీరువా దగ్గరికి పరిగెత్తాడు. బీరువా చెవి మొలకి ఉండాలి, లేదు. గజదొంగ ముందే చూసుకుంది! దాన్ని వెతికి, బీరువా తెరిచి, డబ్బా తీసి, కళ్ళజోడు లేక కన్నం కనపడక తంటాలు పడుతున్నాడు. ఈలోగా నేను వంటింట్లో కాఫీ పెట్టించుకుని తాగాను. పేపరు చదివాను. టీవీ ఎత్తుకుని వీధి చివరిదాకా వెళ్ళి, టైలర్‌తో రెండు మాటలు మాట్లాడి, బరువుగా ఉందని తెచ్చి మళ్ళీ స్టాండు మీద పెట్టేశాను.

"బావా, దొంగగారు వెళ్ళొస్తానంటున్నారు. ఏమైనా చెప్పమంటావా?"

అక్క నవ్వింది. పిస్తోలు ఇంటికొచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు. గజదొంగ కూడా చప్పట్లు కొట్టింది. బావ మాత్రం నవ్వలేదు. టైలర్ కౌంటర్ మీద తాళం పెట్టిన రోజున ఎలా ఉన్నాడో అలా అయిపోయాడు.

ఆ సాయంత్రమే ఆయన పిస్తోలుని ఇనప్పెట్టెలోంచి తీసి పడకగది బీరువా పై సొరుగులోకి మార్చాడు. చేతికందేలా ఉండాలట! తూటాలు నింపిన మ్యాగజైన్ దాని పిడిలోకి తోశాడు. మ్యాగజైన్ అంటే తూటాలు పేర్చి ఉండే చిన్న ఇనప డబ్బీ. తర్వాత పిస్తోలు పైభాగాన్ని వెనక్కి లాగి వదిలాడు. అలా చేస్తే డబ్బీలోంచి ఒక తూటా పైకెక్కి గొట్టం మొదట్లో కూర్చుంటుంది.

ఆ చప్పుడుకి అక్క పరిగెత్తుకొచ్చింది. ఏంటది, ఏం చేస్తున్నారు అని నిలదీసింది. బావ వెంటనే మ్యాగజైన్ బయటికి లాగి చూపించాడు. ఇదిగో, తీసేశాను, ఇప్పుడిది ఒట్టి ఇనప ముక్క, ఖాళీ అన్నాడు.

డబ్బీ బయటికొచ్చింది. పైకెక్కిన తూటా మాత్రం పైనే ఉంది. మీరు ఈ మాట గుర్తు పెట్టుకోండి. బావ పెట్టుకోలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున ఆయన హాల్లో కూర్చుని మ్యాగజైన్ తుడుచుకుంటున్నాడు. ఇంతలో ఎవరో తాళం పడి గుమ్మంలో ఇరుక్కుపోయారని ఫోను. సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాడు. పోయిన కాసేపటికి మ్యాగజైన్ టీవీ స్టాండు మీదే వదిలేశానని గుర్తొచ్చింది. అక్కకి ఫోన్ చేశాడు.

"టీవీ స్టాండు మీద మ్యాగజైన్ ఉంది. పిల్ల వచ్చే వేళైంది. దాన్ని తీసి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వెయ్యి."

అక్క చూసింది. స్టాండు మీద మ్యాగజైన్ ఉంది. మీరిప్పుడు చేతిలో పట్టుకున్నారే, ఈ వారపత్రికే! దాని పక్కన ఏదో నల్లటి ఇనప ముక్క కూడా ఉంది. ఆ ఇంట్లో ఎటు తిరిగినా తాళాల ముక్కలే కాళ్ళకి తగులుతాయి. అదీ అలాంటిదే అనుకుంది. పత్రికని తీసుకెళ్ళి ఇనప్పెట్టెలో పెట్టి, గట్టి తాళం వేసింది. తన తమ్ముడు రాసే పిచ్చిరాతలు పిల్లకంట పడకూడదనేమో అని సరిపెట్టుకుందట.

ఇన్నేళ్ళుగా రాస్తున్నాను. నా రాతని అంత భద్రంగా ఎవరూ దాచలేదు!

మధ్యాహ్నం కూతురు డ్యూటీ నుంచి వచ్చింది. పిల్ల హాల్లో నేలమీద కూర్చుని బస్సు నడుపుతోంది. నల్లటి బస్సు. నోటితో బుర్రుమంటూ గచ్చుమీద తోస్తోంది. మధ్యమధ్య బస్సుని నోట్లో పెట్టుకుంటోంది. బస్సు పైన ఇత్తడి తూటా ఒకటి తడితడిగా మెరుస్తోంది.

కూతురు అరవలేదు. నర్సు కదా. పిల్ల చేతిలో ఒక గరిటె పెట్టి, బస్సు తీసుకుంది. తండ్రికి ఫోన్ చేసి, ఒకసారి ఇంటికి రా నాన్నా అంది. అంతే అంది. నేను ఆ టైములో షాపులోనే ఉన్నాను. బావతోపాటు నేనూ వచ్చాను.

"ఏంటి నాన్నా ఇది?"

"మ్యాగజైన్."

"అది మ్యాగజైనా?" అంది అక్క వంటింట్లోంచి వస్తూ. "మరి నేను పెట్టెలో పెట్టిందేంటి?"

పెట్టె తెరిచారు. నా రాతలున్న పత్రిక బయటికొచ్చింది. నేను నవ్వాను. నాతో ఎవరూ కలవలేదు.

కూతురు పిస్తోలు ఎక్కడుందని అడిగింది. బావకి ధైర్యం వచ్చింది. తప్పు చేసిన మనిషికి ఒక్క సందు దొరికితే ఎంత ధైర్యం వస్తుందో చూడండి!

"అది ఖాళీ అమ్మా. మ్యాగజైన్ నీ చేతిలోనే ఉందిగా. ఇంక దాంట్లో ఏముంటుంది?"

"తెరిచి చూశావా?"

"చూసేదేముంది? ఉండు, నీకే చూపిస్తా."

సొరుగులోంచి తెచ్చాడు. కొత్తరకం పిస్తోళ్ళలో కొన్ని మ్యాగజైన్ తీసేస్తే పేలవట. ఈ క్లాసిక్‌కి ఆ మర్యాద తెలీదు. బావ దాన్ని స్నానాల గది బయటి మూలకేసి గురిపెట్టాడు. వాషింగ్ మిషను కోసం అక్క ఖాళీ చేయించిన మూల. అక్కడ ఎవరూ లేరు కదా అని. ఇదిగో చూడు అని మీట నొక్కాడు.

ఇల్లు అదిరింది. చెవులు గింగుర్లెత్తాయి. ప్లంబర్ పెట్టిన కొత్త కొళాయి ఎగిరిపోయి, గోడలోంచి నీళ్ళు చిమ్మాయి. ఆ మూలకి సెమీ ఆటోమేటిక్ వల్ల నీళ్ళొచ్చింది ఆ ఒక్కరోజే.

అందరూ బొమ్మల్లా నిలబడిపోయాం. గజదొంగ ఒక్కతే ఆ నీళ్ళు చూసి చప్పట్లు కొట్టింది. చేతిలో గరిటె ఊపుతూ అటే నడవబోయింది. రోజూ ఆడుకునేది ఆ మూలలోనే మరి! బకెట్లు తీసేశాక అక్కడ చోటు బాగా వచ్చింది.

నేను ఏదో ఒక జోకు వేద్దామని చూశాను. రాలేదు. నాకు రాకపోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు.

కూతురు పిల్లని ఎత్తుకుంది.

"ఖాళీ అన్నావు నాన్నా."

గుమ్మం దాటుతూ ఆవిడ వెనక్కి తిరిగింది.

"అది ఉన్న ఇంటికి ఇది రాదు."

ఆ తర్వాత బావ ఎంత మంచి యజమాని అయ్యాడో నేను చెప్పలేను! ఆ క్లాసుకి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి కోచ్ నిద్రపోయేదాకా ప్రశ్నలు అడిగాడు. పిస్తోలు ఇనప్పెట్టెలోకి, తూటాలు వేరే గదిలోకి వెళ్ళాయి. తీసిన ప్రతిసారీ తెరిచి చూడ్డం, వేలితో తడమడం. మ్యాగజైన్ తీస్తే ఖాళీ అయినట్టు కాదు, పైన ఒకటి ఉంటుంది. గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు ఉండకూడదు. నొక్కాలనుకునేదాకా వేలు మీట మీదకి పోకూడదు. షాపుకి తాళం కోసం వచ్చినవాళ్ళకి కూడా ఈ పాఠమంతా చెప్పి పంపేవాడు. పాపం, సైకిల్ తాళానికి వచ్చినవాళ్ళు భయపడి నడిచిపోయేవాళ్ళు.

అన్ని కిటుకులూ పాటించాడు. ఒక్కటి తప్ప. దాన్ని వదిలించుకోలేదు. వదిలిస్తే టైలర్ ముందు, సైకిల్ దొంగ ముందు, ఆఖరికి నా ముందు ఓడిపోయినట్టట!

మరి ఫలితం దక్కిందా? దక్కింది! ఆ ఇంటికి దొంగ రాలేదు. మధ్యాహ్నాలు మాత్రం బావ ఎప్పట్లాగే షాపు మూసి ఇంటికొచ్చేవాడు. కళ్ళజోడు తీసి బల్లమీద, బాగా అంచుకి, చిన్న చెయ్యి అందేంత దూరంలో పెట్టేవాడు. పెట్టి, నిద్ర నటిస్తూ పడుకునేవాడు. లేచి చూస్తే అక్కడే ఉండేది.

ఇక్కడ చిన్న సవరణ చేసుకోవాలి. పైన శీర్షికలో ఒక అచ్చుతప్పు దొర్లింది. పాత పిస్తోలు ఉన్న ఇంటికి దొంగ "రాడు" అని పడింది. "రాదు" అని చదువుకోండి. సైకిల్ దొంగ సంగతి నాకు తెలీదు. వాడు ఆ ఇంటికి ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. ఆ ఇంటికి వచ్చే దొంగ మొదటినుంచీ ఒక్కతే. పిస్తోలు ఆపింది దాన్నే. నూటికి నూరుపాళ్ళు పనిచేసింది! నేను గ్యారంటీ ఇచ్చింది ఊరికే అనుకున్నారా?

ఒక ఆదివారం అక్క దుప్పటి పిండుతోంది. నేనో చివర పట్టుకున్నాను. బావ కుర్చీలో కూర్చుని ఇనప్పెట్టె తాళం తుడుస్తున్నాడు. అక్క ఆయన వైపు చూడకుండానే అంది.

"ఈ మధ్య మీ కళ్ళజోడు పోవట్లేదేంటండీ?"

బావ తుడవడం ఆపాడు. ఆ తాళాన్ని వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు.

మర్నాడు లైసెన్సు ఆఫీసులో పిస్తోలు, తూటాలు, లైసెన్సు అన్నీ అప్పగించేశాడు. అటునించి అటే బజారుకి వెళ్ళి అక్కకి ఫోన్ చేశాడట, సెమీ ఆటోమేటిక్ కొన్నానే అని. అక్క ఫోను పెట్టేసింది. ఆయన మళ్ళీ చేశాడు. ఈసారిది ఇద్దరు మోస్తేగానీ లేవదు, నీ తమ్ముణ్ణి తాడు పట్టుకుని రమ్మను అన్నాడు. కొళాయి ఎలాగూ మార్చాలి కదా!

కూతురు వచ్చింది. వచ్చి ఊరికే నమ్మలేదు. తండ్రి చెప్పినా నమ్మలేదు, తల్లి చెప్పినా నమ్మలేదు. సొరుగు లాగి చూసింది. ఇనప్పెట్టె తెరిపించి చూసింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి తడిమింది. నాకైతే ఆ క్లాసులో బావ బదులు ఈవిడ కూర్చోవాల్సిందనిపించింది. అంతా అయ్యాక పిల్లని కిందికి దింపింది.

ఆ పూట భోజనాలయ్యాక బావ పేపరు చదువుదామని బల్ల తడుముకున్నాడు. కుర్చీ కింద తడుముకున్నాడు. జేబులు తడుముకున్నాడు. కొత్త మిషను వెనక నుంచి కిసుక్కుమని ఒక నవ్వు వినిపించింది.

"దొంగ! దొంగే! ఒసేయ్, ఇంట్లో దొంగ పడింది!" అని బావ ఎంత సంతోషంగా కేకలు పెట్టాడంటే, ఎదురింటి టైలర్ కత్తెర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఆ ఇనప్పెట్టెలో ఇప్పుడు బావ రెండో కళ్ళజోడు ఉంటుంది. తాళం వేయడు.

కాబట్టి క్లాసిక్ సెమీ ఆటోమేటిక్ యజమానులారా, దొంగలు రాకుండా నేను చెప్పిన కిటుకులన్నీ పాటించండి. పాటించాక ఒకసారి మీ కళ్ళజోడు ఎక్కడుందో చూసుకోండి. పెట్టినచోటే ఉందా? అయితే కంగారు పడాల్సిందే.

దొంగ రాని ఇల్లూ ఒక ఇల్లేనా!